పాత డీజిల్ వ్యాన్ ఎయిర్ ఎక్కడ లాగుతోందో పట్టుకోవడం ఎలా

రాత్రి బాగానే నడిచి వచ్చిన వ్యాన్‌కు తెల్లవారి సెల్ఫ్ కొడితే ఇంజన్ ఒకసారి అందుకుని, అయిదారు సెకన్లు ఆడి, దగ్గి ఆగిపోతుంది. ఆ తర్వాత బ్యాటరీ నీరసించేదాకా తిప్పినా పలకదు. బానెట్ ఎత్తి హ్యాండ్ ప్రైమర్ (డీజిల్‌ను చేత్తో లాగే చిన్న పంపు) ముప్పై నలభై సార్లు కొడితే మాత్రం ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది, సాయంత్రం దాకా ఎక్కడా ఆగదు. పాత డీజిల్ బండి నడిపినవారికి, ఆయిల్ ఇంజన్‌తో పొలానికి నీరు పెట్టినవారికి ఈ వరస కొత్త కాదు. డీజిల్ లైన్‌లో గాలి చేరే దీన్నే ఎయిర్ పట్టడం అంటారు, ఆ గాలిని బయటికి వదలడం ఎయిర్ తీయడం. మాట సరైనదే గాని, దాన్నే రోగం పేరుగా తీసుకుని రోజూ ఉదయం ఎయిర్ తీసుకుంటూ నెట్టుకొస్తే అసలు లోపం అలాగే ఉండిపోతుంది, ఈలోగా బ్యాటరీ, సెల్ఫ్ మోటారు దెబ్బతింటాయి. గాలి ఏ జాయింటు దగ్గర లోపలికి వస్తోందో కనిపెట్టడమే చేయవలసిన పని. అందుకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒక మీటరు పారదర్శక గొట్టం, అయిదు లీటర్ల డబ్బా, నాలుగు స్పానర్లు, ఒక రాత్రి ఓపిక ఉంటే చాలు.

ఇక్కడ చెప్పేదంతా నాజిళ్లకు డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు మెకానికల్ రకమైన పాత వ్యాన్లకు మాత్రమే వర్తిస్తుంది. కంప్యూటర్ అదుపులో నడిచే కొత్త కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి వెయ్యి బార్లకు పైగా ఉంటుంది కాబట్టి వాటి నాజిల్ పైపుల నట్లు వదులు చేసి ఎయిర్ తీయడం ప్రాణాల మీదికి తెస్తుంది.

డీజిల్ కారని సందులో గాలి దూరుతుంది

లీకు అనగానే చాలామంది బండి కింద తడి కోసం వెతుకుతారు. తడి కనబడకపోతే లీకు లేదని తేల్చి, నాజిళ్లు సర్వీసుకు ఇస్తారు, హీటర్ ప్లగ్గులు మారుస్తారు, చివరికి పంపు ఊడదీయిస్తారు. నేనూ ఒకప్పుడు అదే దారిలో వెళ్లి, నాజిళ్ల సర్వీసుకు డబ్బు పోసి, మూడో రోజు ఉదయం మళ్లీ ప్రైమర్ కొట్టుకున్నవాడినే. తడి లేకపోవడానికి కారణం చాలా సరళమైనది. ట్యాంకు ఛాసిస్ కింద ఉంటుంది, పంపు పైన ఉంటుంది. మధ్యలో ఉన్న పైపులో డీజిల్‌ను తోసేది ఏమీ లేదు, పంపు దాన్ని పైకి పీలుస్తోంది. కాబట్టి ఇంజన్ నడుస్తున్నంతసేపు ఆ పైపులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికన్నా తక్కువగా ఉంటుంది. పైపుకు సందు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది.

అర మీటరు ఎత్తుకు డీజిల్‌ను లాగడానికి కావలసిన సక్షన్ 0.04 బార్ మాత్రమే. అంత కొద్ది తేడాకు గాలి దూరుతుందా అనిపించవచ్చు. అయితే డీజిల్ జిగట గాలి జిగటకు వంద రెట్లకు పైనే ఉంటుంది. అందువల్ల డీజిల్ చెమ్మ కూడా పైకి తేలని వెంట్రుకవాసి పగులు గుండా గాలి సులువుగా పోతుంది. అలా చేరిన గాలి, ఇంజెక్షన్ పంపులో డీజిల్‌ను నొక్కే ప్లంజర్ ముందుకు వచ్చిందంటే, ప్లంజర్ ఎంత కొట్టినా ఆ గాలి స్పంజిలా నొక్కుకుపోయి మళ్లీ ఉబ్బుతుంది గాని, వంద బార్లు దాటితే తప్ప తెరుచుకోని నాజిల్ సూదిని లేపలేదు. ఇంజన్ మిస్ కొట్టడానికి, ఆగడానికి అసలు కారణం ఇదే.

ఆగి ఉన్నప్పుడు జరిగేది వేరు. పైన సందు ఉంటే బయటి గాలి ఆ సందులోంచి వచ్చి, పైపులో ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. గొట్టాన్ని నీటిలో ముంచి పై మూతిని బొటనవేలితో మూసి ఎత్తితే నీరు నిలబడుతుంది, వేలు తీస్తే జారిపోతుంది. రాత్రంతా మీ వ్యాన్‌లో జరిగేది అదే. వేలు ఎంత కొద్దిగా తీశామన్న దాన్ని బట్టి డీజిల్ గంటలో జారుతుందా, తెల్లవార్లూ పడుతుందా అన్నది ఉంటుంది. అందుకే భోజనానికి గంటసేపు ఆపి మళ్లీ స్టార్టు చేసినప్పుడు రాని ఇబ్బంది పొద్దున వస్తుంది.

ముందు ఇది ఎయిర్ సమస్యేనా అని తేల్చుకోవాలి

ఉదయం చల్లటి ఇంజన్‌కు సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఒక మనిషిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. ఇంజన్ అందుకోకపోయినా తెల్లటి పొగ, కంటికి కారంగా తగిలే డీజిల్ వాసన వస్తుంటే, సిలిండర్లలోకి డీజిల్ చేరుతోందనీ మండటం లేదనీ అర్థం. అప్పుడు చూడవలసినవి హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్, టైమింగ్. డీజిల్ లైన్ జోలికి పోనక్కర్లేదు. పొగ ఏమీ రాకుండా ఉత్తి గాలి కొడుతుంటే సిలిండర్లకు డీజిల్ అందడం లేదు. అందకపోవడానికి ఎయిర్ ఒక కారణం. ఆపే మీట సగంలో ఇరుక్కుపోవడం, రోటరీ పంపులో కరెంటు సొలినాయిడ్ (డీజిల్ దారి తెరిచే కరెంటు వాల్వు) తెరుచుకోకపోవడం, ఫిల్టర్ పూడిపోవడం మిగతావి. సొలినాయిడ్ సంగతి ఇగ్నిషన్ కీ తిప్పి వింటే తెలుస్తుంది, పంపు వెనక నుంచి టక్కుమన్న చప్పుడు రావాలి.

దీనికన్నా ఖచ్చితమైన పరీక్ష ఇంకొకటుంది. మర్నాడు ఉదయం సెల్ఫ్ ముట్టుకోకముందే హ్యాండ్ ప్రైమర్ కొట్టండి. మొదటి నాలుగైదు దెబ్బలకే గట్టిపడితే లైన్ నిండుగానే ఉంది, లోపం మరెక్కడో వెతకాలి. ఇరవై ముప్పై దెబ్బల దాకా మెత్తగా పోయి, ఆ తర్వాత గట్టిపడి, వెంటనే ఇంజన్ ఒక్క తిప్పుకు అందుకుంటే రాత్రి డీజిల్ వెనక్కి జారినట్టే. ఎంత కొట్టినా గట్టిపడకపోతే సందు పెద్దదై ఉండాలి, లేదా ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు వాల్వుల్లో నలుసు చేరి ఉండాలి.

నడుస్తుండగా కనిపించే లక్షణాలను కూడా ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. ట్యాంకు సగానికి పైన ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేక, పావుకు దిగగానే మొదలైతే, ట్యాంకులో మునిగి ఉండే పికప్ గొట్టానికి పై భాగంలో పగులు ఉందని అనుమానించాలి. డీజిల్ మట్టం ఆ పగులుకు దిగువకు రాగానే గొట్టం గాలి పీలుస్తుంది. వ్యాన్ ముక్కు పైకి ఉండేలా వాలులో ఆపినప్పుడే పొద్దున మొండికేసి, సమతలంలోనో ముక్కు కిందికి ఉన్న వాలులోనో ఆపినప్పుడు బాగానే స్టార్టయితే డీజిల్ వెనక్కి జారుతోందనడానికి అది మరో సాక్ష్యం. మారేడుమిల్లి ఘాట్ వంటి ఎత్తుల్లో పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే బలం తగ్గి, దిగుడులో మళ్లీ సర్దుకుంటే గాలి కన్నా పూడిన ఫిల్టర్ మీదనే నాకు అనుమానం ఎక్కువ. ఈ రెండూ కలిసి రావడమూ ఉంది. ఫిల్టర్‌కు ముందున్న జాలీ పూడితే పంపు మరింత గట్టిగా లాగుతుంది, అలా లాగినప్పుడు అంతకుముందు ఓర్చుకున్న పాత సీలు కూడా గాలిని లోపలికి వదులుతుంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడినా అంతే. నడిపి ఆపగానే మూత తీస్తే ఉస్సుమని గాలి లోపలికి పోతే ముందు ఆ మూత శుభ్రం చేసి, తర్వాత మిగతావి చూడండి.

మీ వ్యాన్‌లో సక్షన్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా

వెతకడం మొదలుపెట్టే ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే సగం శ్రమ తప్పుతుంది, ఎందుకంటే ఇంజన్ నడిచేటప్పుడు గాలి దూరడానికి వీలున్నది సక్షన్ వైపు, అంటే డీజిల్‌ను పీల్చే వైపు మాత్రమే. పాత వ్యాన్లలో ప్రధానంగా రెండు ఏర్పాట్లు కనిపిస్తాయి.

మొదటిది ఇన్‌లైన్ పంపు. మెర్సిడెస్ 240 డి కారులో ఉన్న ఓఎం 616 ఇంజన్ దీనికి మంచి ఉదాహరణ. నాలుగు సిలిండర్లు, సుమారు 2.4 లీటర్లు. బజాజ్ టెంపో ఈ ఇంజన్‌ను లైసెన్సు మీద తయారుచేయడం వల్ల ఆ వంశం మన రోడ్ల మీద మాటడార్లలో, ట్రావెలర్లలో ఎన్నో ఏళ్లు తిరిగింది. ఇన్‌లైన్ పంపు పక్కనే, దాని క్యామ్ షాఫ్టుతో నడిచే ప్లంజర్ రకం ఫీడ్ పంపు ఉంటుంది. అది ట్యాంకు నుంచి డీజిల్‌ను పీల్చి, ఫిల్టర్ గుండా పంపు గ్యాలరీలోకి, అంటే పంపు లోపలి డీజిల్ గదిలోకి తోస్తుంది. అంటే ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా సక్షన్. ఫీడ్ పంపు దాటిన తర్వాత ఫిల్టర్, గ్యాలరీ అన్నీ ఒక బార్ అటూ ఇటూ ఒత్తిడిలో ఉంటాయి. ఫిల్టర్ గిన్నె సీలు చెడితే ఈ ఏర్పాటులో నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారుతుంది, కంటికి కనబడుతుంది.

రెండోది రోటరీ పంపు, వీఈ రకం. చాలా వ్యాన్లలో దీనికి వేరే ఫీడ్ పంపు ఉండదు. పంపు లోపల రెక్కలతో తిరిగే వేన్ పంపే ట్యాంకు నుంచి నేరుగా పీలుస్తుంది. అప్పుడు ఫిల్టరు, దాని మీది ప్రైమర్, అడుగున నీరు వదిలే కాకు (చిన్న కుళాయి), వాటర్ సెన్సారు, ఎయిర్ తీసే స్క్రూ అన్నీ సక్షన్‌లో ఉన్నట్టే. ఫిల్టర్ మార్చిన మర్నాటి నుంచే ఇబ్బంది మొదలైందని ఈ బండ్ల యజమానులు చెప్పడం తరచుగా వింటాం. పాత ఫిల్టర్ రబ్బరు రింగు హెడ్డుకే అంటుకుని ఉండిపోయి, దాని మీద కొత్త రింగు కూర్చున్నప్పుడు ఇలా జరుగుతుంది. ఫిల్టర్ దించి, వేలితో హెడ్డు చుట్టూ తడిమి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది, కాబట్టి రోటరీ పంపు ఉన్నవారు మొదట ఆ పని చేయాలి.

మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగిపోయే రిటర్న్ వైపును మరచిపోకూడదు. నాజిళ్ల మీద ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లే సన్నటి గుడ్డచుట్టు గొట్టాలు, చివరి నాజిల్‌కు మూతగా పెట్టే చిన్న రబ్బరు టోపీ ఎండి పగులుతాయి. నడిచేటప్పుడు వాటి నుంచి కొద్దిగా చెమ్మ వస్తుంది, ఆగినప్పుడు అదే దారిలో గాలి పోయి పంపులోని డీజిల్ వెనక్కి జారడానికి వీలిస్తుంది. ఈ గొట్టం చవక, చేతితో లాగితే వస్తుంది. ఎన్నేళ్లుగా ఉందో తెలియని గొట్టమైతే పరీక్షలతో పని లేకుండా మార్చేయడమే మేలని నా అభిప్రాయం.

పారదర్శక గొట్టం

ఇంజన్‌ను, పైపు జాయింట్లను ముందు శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మట్టి పేరుకున్న జాయింటును ఊడదీస్తే ఆ మట్టి పంపులోకి పోతుంది, ఆ తర్వాత వచ్చే ఖర్చు ముందు దేనికీ సాటిరాదు.

తాపీ మేస్త్రీలు మట్టం చూడటానికి వాడే లెవెల్ గొట్టం ఈ పనికి బాగుంటుంది. మీ సక్షన్ గొట్టం లోపలి వ్యాసానికి సరిపడేది, సాధారణంగా 8 మిల్లీమీటర్లది, ఒక మీటరు తీసుకోండి. సెలైన్ గొట్టం వాడకండి, అది మరీ సన్నం కావడంతో డీజిల్ చాలినంత రాక మీరే కొత్త రోగం తెచ్చిపెట్టినట్టవుతుంది. లెవెల్ గొట్టాన్ని డీజిల్ కొద్ది వారాల్లో గట్టిపరచి పెళుసు చేస్తుంది కాబట్టి పరీక్ష అయ్యాక దాన్ని బండిలో వదలకూడదు. ఫీడ్ పంపుకు, రోటరీ అయితే పంపుకు డీజిల్ వచ్చే చోట అసలు గొట్టం బదులు దీన్ని వేసి, రెండు వైపులా క్లిప్పులు బిగించి, వేడి సైలెన్సర్ మ్యానిఫోల్డ్‌కు, ఫ్యాన్ బెల్టుకు దూరంగా కట్టండి. ఎయిర్ తీసి ఇంజన్ స్టార్టు చేయండి.

మొదటి రెండు మూడు నిమిషాలు మీరే లోపలికి వదిలిన గాలి బుడగలుగా పోతుంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అది పోయాక టార్చి గొట్టం వెనక పెట్టి చూడండి. లేత పసుపు రంగు డీజిల్ కదలిక కూడా కనబడనంత నిలకడగా ఉండాలి. ఎప్పుడో ఒక బుడగ కనిపించడం తప్పుకాదు. గోలీ సోడా కొట్టినప్పటిలా సన్నటి బుడగల దారం ఆగకుండా వస్తుంటే, గాలి ఆ గొట్టానికి ముందున్న భాగంలో, అంటే ట్యాంకు వైపు దూరుతోంది. ఇంజన్ వేగం పెంచి కూడా చూడండి. వేగానికి సక్షన్ పెరిగి బుడగలు ఎక్కువైతే సందు ఉందనడంలో అనుమానం అక్కర్లేదు. బుడగలు వస్తుంటే గొట్టాన్ని ఒక్కో జాయింటు వెనక్కి, ట్యాంకు వైపు జరుపుతూ పోవాలి. బుడగలు కనబడని చోటికి, చివరిగా కనబడిన చోటికి మధ్యనే దొంగ ఉన్నాడు. ఫిల్టర్‌కు ముందు తేటగా ఉండి, తర్వాత బుడగలు వస్తే ఫిల్టర్ హెడ్డు, రింగు, కాకు, ప్రైమర్ వీటిలో ఒకటి.

నడిచేటప్పుడు బుడగే కనబడకపోయినా నిరాశపడనక్కర్లేదు. చాలా చిన్న సందు నడిచేటప్పుడు లోపలికి వదిలిన గాలిని ఇన్‌లైన్ పంపు ఓవర్‌ఫ్లో వాల్వు గుండా రిటర్న్‌లోకి తోసేస్తుంది, రాత్రి మాత్రమే దాని పని బయటపడుతుంది. దానికి పెన్ను గుర్తు పరీక్ష ఉంది. పారదర్శక గొట్టాన్ని వంపు తిరిగి పైకి వెళ్లేలా కట్టి, ఇంజన్ ఆపగానే లోపలి డీజిల్ ఎక్కడిదాకా ఉందో బాల్ పెన్నుతో గీత గీయండి. రాజమండ్రిలో నేను వాడిన పద్నాలుగు సీట్ల వ్యాన్‌కు రాత్రి తొమ్మిదింటికి గొట్టం నిండుగా ఉండగా గీత గీసి పడుకుంటే, తెల్లవారి అయిదున్నరకు డీజిల్ గీతకు జానెడు కిందికి దిగి, పైన గొట్టం ఖాళీగా మెరుస్తూ కనిపించింది. అంతకుముందు నెల రోజులు వాదించుకున్న విషయం ఆ ఖాళీ జానెడుతో తేలిపోయింది.

డబ్బా పరీక్ష

గొట్టం పరీక్షకు వీలు లేనప్పుడు, లేదా రెండు మూడు లోపాలు కలిసి ఉన్నాయనిపించినప్పుడు, లైన్‌ను రెండుగా విడగొట్టే పద్ధతి ఇది. శుభ్రమైన అయిదు లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి, ఫీడ్ పంపుకన్నా ఎత్తులో, ఒరిగిపోకుండా గట్టిగా కట్టండి. ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని ఫీడ్ పంపు దగ్గర ఊడదీసి మూసేసి, డబ్బాలో అడుగు దాకా ముంచిన కొత్త గొట్టాన్ని అక్కడ తగిలించండి. రిటర్న్ గొట్టాన్ని కూడా అదే డబ్బాలోకి పెట్టాలి, లేకపోతే ఇంజన్ మండించేదానికన్నా ఎక్కువ డీజిల్ ట్యాంకుకు తిరిగిపోయి డబ్బా త్వరగా ఖాళీ అవుతుంది. ఇలా అరగంట నడిపి, రాత్రంతా అలాగే వదిలి, పొద్దున స్టార్టు చేయండి. ఒక్క తిప్పుకు అందుకుంటే ఫీడ్ పంపు, ఫిల్టర్, ఇంజెక్షన్ పంపు నిర్దోషులు. లోపం ట్యాంకుకు ఫీడ్ పంపుకు మధ్యనుంది. ఇబ్బంది అలాగే ఉంటే ట్యాంకు కింద పడుకుని వెతకవలసిన అవసరం తప్పింది.

డబ్బా ఎత్తులో ఉండటం వల్ల సక్షన్ వైపు కూడా కొద్దిపాటి ఒత్తిడి వస్తుందనీ, ఫీడ్ పంపు గాజు కప్పు రబ్బరులో సందు ఉంటే ఇప్పుడది తడిగా బయటపడుతుందనీ గుర్తుంచుకోండి. ఈ ఏర్పాటుతో రోడ్డెక్కవద్దు. డబ్బా ఒరిగి వేడి మ్యానిఫోల్డ్ మీద డీజిల్ పడితే నిప్పు అంటుకుంటుంది.

అనుమానించవలసిన చోట్లు

ఫీడ్ పంపు అడుగున చిన్న గాజు కప్పు, దానిలో తీగ జాలీ ఉంటే మొదటి అనుమానం దాని మీదే. కప్పు అంచుకు ఉండే రబ్బరు గట్టిపడి, జాలీ శుభ్రం చేసిన ప్రతిసారీ కొద్దికొద్దిగా పలచబడుతుంది. ఆ తర్వాత హ్యాండ్ ప్రైమర్. దాని పిడిని చివరిదాకా తిప్పి బిగించకుండా వదిలేస్తే అక్కడే గాలి దూరుతుంది. బిగించినా పిడి చుట్టూ తడి ఉంటే లోపలి సీలు పోయిందని అర్థం. పిడి చుట్టూ చిక్కటి గ్రీజు మందంగా పూసి ఒక రాత్రి చూడండి. పొద్దున ఇంజన్ వెంటనే అందుకుంటే దొంగ దొరికినట్టే. ఈ గ్రీజు ఉపాయం బాంజో బోల్టులకూ (లోపలి రంధ్రం గుండా డీజిల్‌ను పోనిచ్చే, పైపును బిగించే బోల్టులు) పనికొస్తుంది, ఒక రాత్రికి ఒక్క జాయింటుకే పూస్తే ఏది దోషో తేలుతుంది. ఆత్రంతో అన్నిటికీ ఒకేసారి పూస్తే బండి బాగవుతుంది గాని ఎందుకు బాగయిందో తెలియదు.

రబ్బరు గొట్టాన్ని పైపైన చూసి మంచిదనకూడదు. ఊడదీసి, ఒక కొసను బోల్టుతో బిరడా కొట్టి, రెండో కొస నుంచి సైకిల్ పంపుతో గాలి కొడుతూ, ట్యూబు పంక్చరు చూసినట్టు నీళ్ల బకెట్టులో ముంచి, ముంచిన చోటనే వంచి చూడాలి. వంచనప్పుడు కనబడని బుడగ వంచినప్పుడు కనబడుతుంది. నా వ్యాన్‌కు దొరికిన లోపం ఇదే. ఛాసిస్ పక్కన ఇనుప పైపుకు తగిలించిన గొట్టం మీద క్లిప్పును ఎవరో బలంకొద్దీ బిగించగా, దాని అంచు రబ్బరును సగం దాకా కోసింది. క్లిప్పు కప్పి ఉండటంతో పై నుంచి ఏమీ కనబడలేదు. గొట్టం కొస రెండు అంగుళాలు కోసేసి మళ్లీ తొడిగితే ఖర్చు లేకుండా పని అయ్యేది గాని, గొట్టం మొత్తం వయసైపోయినందున కొత్తది వేశాను.

ఇనుప పైపుల విషయంలో ఛాసిస్‌కు పట్టీ కొట్టిన చోట తుప్పు లోపలే తింటుంది, కాబట్టి పట్టీ విప్పి చూడాలి. పొడవైన పైపును పరీక్షించాలంటే రెండు కొసలూ ఊడదీసి, ఒకటి మూసి, రెండో దాని నుంచి 0.3 బార్‌కు మించకుండా గాలి పెట్టి, సబ్బు నురుగు పూయాలి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను నేరుగా ట్యాంకుకు గాని లైన్‌కు గాని తగిలించడం ట్యాంకును ఉబ్బించి చీల్చే పని. నోటితో పీల్చి చూడటమూ వద్దు. పొరపాటున డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలవుతారు.

సీళ్ల విషయంలో ఇంధనం మార్పును కూడా గమనించాలి. మన దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50), 2020 ఏప్రిల్ నుంచి 10 పీపీఎం గంధకం మించని డీజిల్ అమ్ముతున్నారు. గంధకం తీసే ప్రక్రియలో ఆరోమాటిక్ పదార్థాలు కూడా తగ్గుతాయి. ఏళ్ల తరబడి పాత డీజిల్‌లో ఉబ్బి కూర్చున్న నైట్రైల్ రబ్బరు రింగులు కొత్త ఇంధనంలో కుంచించుకుపోయే వీలుంది. 1993లో అమెరికాలో గంధకం తగ్గించినప్పుడు పాత పంపులకు ఈ కారణంగానే లీకులు వచ్చాయి. పాత వ్యాన్‌కు ఇప్పుడు సీలు మారుస్తుంటే విటాన్ రకం (ఫ్లోరిన్ కలిసిన రబ్బరు) దొరికితే అదే వేయించండి.

బిగించడం, ఎయిర్ తీయడం

బాంజో బోల్టుకు రెండు వైపులా ఉండే రాగి వాషర్లను విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. కొత్తవి దొరకని ఊళ్లో పాతవాటిని ఎర్రగా కాల్చి, నీటిలో ముంచి, పొక్కు పోయేలా రుద్దితే మళ్లీ మెత్తబడతాయి. టెఫ్లాన్ టేపు చుట్టడం, గమ్ము పూయడం డీజిల్ లైన్‌లో తగని పనులు. వాటి పీచులు చిరిగి పంపులోకి, అక్కడి నుంచి నాజిల్‌లోకి పోతాయి. వీఈ పంపు మీద రిటర్న్ బాంజో బోల్టుకు తల మీద ఓయూటీ (OUT) అన్న అక్షరాలు, లోపల సన్నటి రంధ్రం ఉంటాయి. చూడటానికి ఒకేలా ఉన్నాయని దాన్ని లోపలికి వచ్చే వైపు వేసి, అక్కడిది ఇక్కడ వేస్తే పంపుకు డీజిల్ అందదు, లోపలి ఒత్తిడి తప్పుతుంది, మీరు మళ్లీ ఎయిర్ కోసం వెతకడం మొదలుపెడతారు.

అన్నీ బిగించాక ఫిల్టర్ హెడ్డు మీది స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, కింద గుడ్డ పెట్టి, ప్రైమర్ కొట్టండి. ముందు నురుగు, తర్వాత బుడగలు, చివరికి తెగని ధార వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. ఆ తర్వాత పంపు గ్యాలరీ స్క్రూ దగ్గర కూడా అంతే. అయినా ఇంజన్ అందుకోకపోతే నాజిళ్ల దగ్గర 17 నంబరు నట్లను అర చుట్టు వదులు చేసి, పది పన్నెండు సెకన్లు సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే బిగించండి. మళ్లీ కొట్టే ముందు సెల్ఫ్ మోటారుకు ఒక నిమిషం విశ్రాంతి ఇవ్వండి. ఆ నట్ల దగ్గర చిమ్మే ధారకు చెయ్యి అడ్డం పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం కిందికి దూసుకుపోతుంది, పైకి సూది పోటంత గాయమే కనిపించినా వెంటనే ఆపరేషన్ చేయించవలసి రావచ్చు.

పారదర్శక గొట్టాన్ని మాత్రం ఇంకా తీయకండి. దాని మీద కొత్త గీత గీసి ఆ రాత్రి వదిలి, మర్నాడు ఉదయం ప్రైమర్ ముట్టుకోకుండా టార్చితో చూడండి. డీజిల్ గీత మీదే నిలిచి ఉండి, ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంటే, లెవెల్ గొట్టం తీసి డీజిల్‌కు తగిన అసలు గొట్టం వేసి క్లిప్పులు బిగించవచ్చు. కొత్త రబ్బరు క్లిప్పు కింద కొద్దిగా సర్దుకుంటుంది కనుక రెండు వందల కిలోమీటర్లు నడిచాక ఇంజన్ చల్లారినప్పుడు ఆ క్లిప్పులను మరొక్క పావు చుట్టు బిగించండి.